గాలి కొట్టే సీటు

మా మామగారు గేటును గుద్దింది అజాగ్రత్త వల్ల కాదు, అలవాటు వల్ల. ఆ తేడా మా ఇంట్లో వాళ్ళకి తప్ప ఇంకెవరికీ తెలియదు. గేటుకి అసలే తెలియదు, పాపం, పూలకుండీల మీద వెల్లకిలా పడిపోయింది.

లోకంలో ఉన్న కార్లన్నిటికీ మధ్య పెడలు బ్రేకు, కుడి చివరది యాక్సిలరేటరు. మా పెద్దావిడకి మాత్రం ఆ వరస తిరగబడి ఉంటుంది. మధ్యది నొక్కితే పరుగు, కుడి చివరది నొక్కితే ఆగడం. పెద్దావిడంటే మా పాత రేసు కారు. మామగారి పెళ్ళికి ముందే ఇంటికొచ్చి షెడ్డులో కాపురం పెట్టింది కాబట్టి అత్తగారు ఆ పేరు పెట్టారు. "నేను చిన్నావిడనమ్మా. పెద్దావిడకి చెప్పకుండా ఈ ఇంట్లో ఏదీ జరగదు," అని నేను కాపురానికొచ్చిన కొత్తలోనే చెప్పారావిడ, మొహంలో నవ్వన్నది లేకుండా.

జీవితమంతా మామగారు ఇంటి కారు దిగి పెద్దావిడ ఎక్కేవారు, పెద్దావిడ దిగి ఇంటి కారెక్కేవారు. చెప్పులు మార్చుకున్నంత తేలిగ్గా పాదాలు లెక్క మార్చుకునేవి. ఆ రోజు పొద్దున్న రొట్టె తేవడానికి ఇంటి కారు తీసి, గేటు దగ్గర ఆపబోయి, కుడి చివరది గట్టిగా తొక్కారు.

నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి దిగి నిలబడి ఉన్నారు. గేటుకేసి చూడటం లేదు. తన బూట్లకేసి చూసుకుంటున్నారు, అవి ఎవరివో అన్నట్టు.

"దెబ్బ తగిలిందా మామయ్యా?"

"బ్రేకు పడలేదమ్మాయ్," అన్నారు. కాసేపాగి, "కాదులే. నేను సరిగ్గానే తొక్కాను. బ్రేకే అక్కడ లేదు," అన్నారు.

మా ఆయనకి కళ్ళద్దాల షాపు. ఊరందరి చూపూ సరిచేసే మనిషి కాబట్టి ఇంట్లో తనకి కనిపించనిది ఏదీ లేదని గట్టి నమ్మకం. నిజానికి చాలా ఉన్నాయి. అంతకుముందు ఒకసారి స్పానరు ఫ్రిజ్‌లో, కూరగాయల అడుగున దొరికింది. కడిగి షెడ్డులో పెట్టేశాను. ఇంకోసారి మామగారు పక్కింట్లోకి వెళ్ళి, వాళ్ళ సోఫాలో కూర్చుని, టీ ఇంకా రాలేదేమని అడిగారు. వాళ్ళు మంచివాళ్ళు, ఇచ్చారు. నేను వెళ్ళేసరికి చక్కెర తక్కువైందని కూడా చెబుతున్నారు. ఇవేవీ మా ఆయన చెవిన వేయలేదు. గేటును మాత్రం ఎక్కడ దాచను?

డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆవిడ చాలా మర్యాదగా చెప్పింది. కొత్తగా వచ్చి చేరినవి ముందు జారిపోతాయట, పాతవి ఆఖరిదాకా అంటిపెట్టుకుని ఉంటాయట. ఇంటి కారు కొత్తది, పెద్దావిడ పాతది. కాళ్ళు పాతదాని వరసే దాచుకున్నాయి. అలా చూస్తే కోడళ్ళు కూడా కొత్త సరుకే కదా అని నాకు తట్టింది. పైకి అనలేదు.

ఇంటికి రాగానే మా ఆయన ఇంటి కారు తాళాలు తన జేబులో వేసుకున్నారు.

"పెద్దావిడని కూడా వద్దు నాన్నా. ఈ ఏడు ర్యాలీకి వెళ్ళొద్దు."

"దానికి తాళం లేదు," అన్నారు మామగారు.

"తాళం సంగతి కాదు నేను చెప్పేది."

"నేను చెప్పేది అదే. జేబులో వేసుకుపోయే బండి కాదది."

ర్యాలీ సంగతి చెప్పాలి. మామగారు కుర్రవాడుగా ఉన్న రోజుల్లో ఊరి బయట కొండదారిలో ఏటా రేసు జరిగేది. ఆ రేసు ఎప్పుడో ఆగిపోయింది. ఇప్పుడు సగం దూరం ఆ దారిలోనే, మిగతా సగం కొత్త రోడ్డు మీద పాత బండ్లు ర్యాలీ చేస్తాయి. ముందు రావడం ఇందులో గొప్ప కాదు. ఒక్కో మజిలీకి చెప్పిన వేళకి చేరాలి. ఆలస్యమైనా తప్పే, ముందొచ్చినా తప్పే. "ముందు రావడం కూడా తప్పేనట! ఇది రేసా, ఆఫీసా?" అని మామగారు ఏటా విసుక్కునేవారు. ఏటా అందరికంటే ముందు పేరిచ్చేవారు.

ఇక పెద్దావిడ. సన్నగా, పొడుగ్గా, తలుపుల్లేకుండా, ఎవరో చేపని తలచుకుంటూ రేకుతో చేసినట్టుంటుంది. రెండు సీట్లు. కుడివైపుది నడిపేవాళ్ళది. ఎడమది మోచేతులు తగలకుండా కాస్త వెనక్కి జరిపి ఉంటుంది. పెట్రోలు ట్యాంకు వెనక తోకలో, ఇంజను ముందు. ఆ పెట్రోలు తనంతట తాను ముందుకి రాదు, ట్యాంకులోకి గాలి కొట్టి దాన్ని నెట్టాలి. అందుకని ఎడమ సీటు ముందు ఇత్తడి పిడి ఉన్న చేతి పంపు, పక్కనే చిన్న మీటరు. మీటరులో ముల్లు ఎర్ర గీతకి పైన ఉన్నంతసేపూ ఇంజను పాడుతుంది. గీత కిందికి దిగితే దగ్గుతుంది. ఇంకా దిగితే నోరు మూసుకుంటుంది. ఎవరెన్ని రకాలుగా బిగించినా ట్యాంకు మూత దగ్గర గాలి కారుతూనే ఉంటుంది కాబట్టి, ఆ సీట్లో కూర్చున్న మనిషి దారి పొడుగునా పంపు కొడుతూనే ఉండాలి.

ఆ మనిషి మా అత్తగారు. ఆవిడ పోయాక నేను. నడిపేవాళ్ళ పేరు పేపర్లో పడుతుంది, గాలి కొట్టేవాళ్ళది పడదు. వంటకీ దీనికీ అదొక పోలిక. ఆగిపోయినప్పుడే గుర్తొస్తాం.

పొగగొట్టం బండి బయట ఎడమవైపు నుంచి, సరిగ్గా ఆ సీటు పక్కనుంచే వెనక్కి పోతుంది, సలసలా కాగుతూ. మలుపులో ఒరిగినప్పుడు చెయ్యి తగిలిందంటే అంతే. అత్తగారి ఎడమ మోచేతి కింద నున్నటి మచ్చ ఉండేది. ఆవిడ దగ్గర ఆ సీటు పని నేర్చుకునేటప్పుడు నాకూ అలాంటిది పడ్డ రోజున మందు రాస్తూ, "ఇప్పుడయ్యావు ఈ ఇంటి మనిషివి," అన్నారు. పంపులో గాలిని పట్టి నెట్టే తోలు వాషరుంటుంది. అది ఎండితే చిరుగుతుంది కాబట్టి బండి తీసే ముందు ఆముదంలో నానబెట్టాలి. అదీ ఆవిడే నేర్పారు. నేర్పుతూ ఒక మాటన్నారు. "ఆయన 'గాలి!' అని అరిచినప్పుడల్లా కొట్టక్కర్లేదు. ముల్లు నువ్వు చూడాలి, దారి ఆయన చూడాలి. ఒక్కోసారి దారి కూడా నువ్వే చూడాలి." మొగుళ్ళ గురించి పెళ్ళాలు చెప్పుకునే మాటే అనుకుని ఊరుకున్నాను.

బండిలో ఉన్నంతసేపూ మామగారు ఆవిణ్ణి "గాలమ్మా!" అని పిలిచేవారు. దిగితే మళ్ళీ "ఏమోయ్". నన్ను బండిలోనూ బయటా కూడా "అమ్మాయ్" అంటారు.

మా ఇంటికొచ్చిన చుట్టాలకి టీతో పాటు ఒక కథ తప్పదు. ఆఖరి రేసు కథ. ఆ ఏడు కొండదారిలో మామగారు అందరికంటే ముందున్నారు. వెనకవాడి దుమ్ము కూడా కనపడటం లేదు. ఒక్క మలుపు మిగిలింది, రాతి గని పక్కది. సరిగ్గా అక్కడ పంపులో వాషరు చిరిగింది. ముల్లు పడిపోయింది, ఇంజను ఆగింది, పెద్దావిడ బొమ్మలా నిలబడిపోయింది. ఎవరెవరో దాటుకుని వెళ్ళిపోయారు. "ఇంత తోలుముక్క!" అని మామగారు బొటనవేలూ చూపుడువేలూ గుండ్రంగా కలిపి చూపించేవారు. "ఇంత తోలుముక్క నా చేతిలో కప్పు లాక్కుంది!" చుట్టాలు అయ్యో అనేవారు. కథ గని మలుపు దగ్గరికొచ్చేసరికి అత్తగారు ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేవారు. వినీ వినీ విసుగెత్తి ఉంటుందనుకునేదాన్ని.

గేటు పడ్డ తరవాత కొన్నాళ్ళు తండ్రీ కొడుకులు నా ద్వారా మాట్లాడుకున్నారు.

"మీ ఆయనకి చెప్పమ్మాయ్, నేను బండి తుడుస్తున్నానని."

"నాన్నకి చెప్పు, తుడుచుకోవడం వరకే అని."

ఇద్దరూ ఒకే బల్ల దగ్గర, ఎదురెదురుగా కూర్చుని. మధ్యలో రొట్టె అందించేది కూడా నేనే.

ఒక మధ్యాహ్నం మామగారు కనపడకపోతే షెడ్డులోకి వెళ్ళాను. పెద్దావిడలో కూర్చుని ఉన్నారు. ఇంజను ఆపే ఉంది. చేతులు స్టీరింగు మీద, కళ్ళు మూసుకుని ఉన్నారు. కాళ్ళు మాత్రం కదులుతున్నాయి. మధ్యది, కుడి చివరది, క్లచ్చి, మళ్ళీ మధ్యది. ఏ మలుపులో ఉన్నారో పాదాలు చూస్తేనే తెలిసిపోతోంది. ఎక్కడా తడబాటు లేదు. నేను చాలాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను.

"చూశావా అమ్మాయ్," అన్నారు కళ్ళు తెరవకుండానే. "ఇందులో నేను తప్పు చేయను." తరవాత చిన్న గొంతుతో, "ఇందులో మాత్రమే," అన్నారు.

దగ్గరికి వెళ్ళి బండి అంచు మీద చెయ్యి వేశాను.

"ఒక్కసారి. ఆ కొండదారి ఇంకొక్కసారి. ఆ తరవాత వాడేం చెబితే అది."

ఆ సాయంత్రం మా ఆయన షాపు నుంచి రాగానే చెప్పాను. "వెళ్ళనివ్వండి. నేను పక్కన ఉంటానుగా."

"ఉండి ఏం చేస్తావు? స్టీరింగు లాక్కుంటావా?"

"గాలి కొట్టడం ఆపేస్తాను."

ఆయన కళ్ళద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టారు. అది ఆయన ఆలోచించే పద్ధతి.

"ఆపితే?"

"నాలుగైదు కరెంటు స్తంభాలు దాటేలోపు బండి ఆగుతుంది."

"నాన్న అరుస్తారు."

"కూరలో ఉప్పు తగ్గితే మీరు అరవడం లేదా? అలవాటే."

"అయితే ఈ ఇంట్లో నీ మాట వినేది ఆ బండొక్కటే అన్నమాట."

"అదైనా వింటోంది."

ఆయన నవ్వలేదు. "ఒట్టు వెయ్యి. ఏ కాస్త తడబడినా ఆపేస్తానని."

వేశాను.

"ఆయన మొహం చూసి ఊరుకోవద్దు," అన్నారు. ఆ మాటతో మా ఆయనకి నేననుకున్న దానికంటే చూపు బాగానే ఉందని తెలిసింది.

ఈ ఒప్పందం మామగారికి చెప్పలేదు. ర్యాలీకి పేరిచ్చామని చెప్పగానే ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టి, "నీ మాటకి వాడు ఒప్పుకున్నాడా! మీ అత్త ఉంటే సంబరపడేది," అన్నారు. ఆముదం గిన్నెలో వాషరు వేసి, నానిందో లేదో పదేపదే చూస్తూ కూర్చున్నాను.

ర్యాలీ నాడు పొద్దున్న మైదానంలో పాత బండ్లన్నీ వరసగా నిలబడ్డాయి. చాలావాటికి గీత కూడా పడలేదు. దుప్పట్లు కప్పి పెంచిన పిల్లల్లా ఉన్నాయి. పెద్దావిడ ఒళ్ళంతా సొట్టలే. తనిఖీ చేయడానికి ఎవరో కొత్తాయన వచ్చాడు. ముందు చక్రం దగ్గర వంగి, "ఏదీ, బ్రేకు తొక్కండి పెద్దాయనా," అన్నాడు.

మామగారు కుడి చివరది తొక్కారు.

"అది కాదండీ, బ్రేకు," అన్నాడతను.

నా పక్కన మా ఆయన ఊపిరి బిగబట్టారు.

"మధ్యది తొక్కమంటావా?" అన్నారు మామగారు నెమ్మదిగా. "ఇంజను తిరుగుతోంది. గేరులో ఉంది. తొక్కితే నువ్వు ఇక్కడ ఉండవు."

అతను లేచి, వంగి పెడళ్ళు చూసి, మళ్ళీ మామగారి మొహం చూసి, కాగితం మీద టిక్కు పెట్టి చక్రానికి దూరంగా జరిగాడు. మా ఆయన ఊపిరి వదిలారు. ఇంటి కారు డిక్కీలో లావుపాటి తాడు వేసుకుని వెనకాల వస్తానన్నారు.

జెండా ఊపారు. పెద్దావిడ ఒక్కసారి ఒళ్ళు విరుచుకుని కదిలింది.

దాన్ని గురించి నాకు సరిగ్గా చెప్పడం రాదు. గాలి మొహం మీద చెంపదెబ్బల్లా కొడుతుంది. ఇంజనులో పోసిన ఆముదం కాలే వాసన ముక్కులోంచి తలలోకి ఎక్కుతుంది. పళ్ళు ఒకదానికొకటి తగులుతూ ఉంటాయి. ఇవన్నీ ఏటా ఉండేవే. ఆ రోజు నేను చూస్తున్నది మామగారి పాదాల్ని. అవి ఒక్క తప్పూ చేయలేదు. మొదటి మజిలీకి చెప్పిన వేళకి, అటూ ఇటూ కాకుండా చేరాం. అక్కడి మనిషి చేత్తో సలాం చేశాడు. మామగారు చిరాగ్గా, "ఇంకా ముందే వచ్చేవాళ్ళం," అని అరిచారు నా చెవిలో. "అమ్మాయ్, గాలి!"

కొట్టాను. ఎడమ చెయ్యి పొగగొట్టానికి తగలకుండా ఒళ్ళోకి లాక్కుని, కుడిచేత్తో పిడి ముందుకీ వెనక్కీ. కొండ ఎక్కుతున్నాం. ఆయన భుజాలు నిటారుగా అయ్యాయి. నెలల తరబడి ఆ మొహంలో ఉన్న వెతుకులాట, ఏదో ఎక్కడో పెట్టి మర్చిపోయినట్టుండే చూపు, లేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఒట్టు సంగతి కూడా మర్చిపోయాను.

అప్పుడు చీలిక వచ్చింది. అక్కడ ర్యాలీ ఎడమకి తిరగాలి. బాణం గుర్తు ఉంది, పసుపు జెండా పట్టుకుని ఒక మనిషి కూడా ఉన్నాడు. నేరుగా వెళ్ళేది పాత రేసు దారి. ఇప్పుడది మామూలు వీధి.

మామగారు నేరుగా వెళ్ళారు. జెండా మనిషి పక్కకి గెంతాడు.

"మామయ్యా, ఎడమకి!" అని అరిచాను. ఆ హోరులో నా గొంతు నాకే వినపడలేదు.

ఆయన నా వైపు తిరిగారు. కళ్ళు మెరుస్తున్నాయి.

"గాలమ్మా! గని మలుపొస్తోంది! గాలి!"

అప్పుడు చెయ్యి తీసేయాలి. అదే కదా ఒట్టు. కానీ చెయ్యి రాలేదు. పంపు కొడుతూనే ఉంది. ఆ మొహం చూడొద్దని మా ఆయన ముందే చెప్పారు; చూశాను. ఆయన పెళ్ళయిన కొత్తలో తీసిన ఫోటోల్లో ఉన్న మొహం అది. ముల్లు గీతకి పైన, నిశ్చలంగా ఉంది. బస్టాపు వెనక్కి పోయింది, తోపుడుబండి ఒకటి పోయింది. దూరంగా, దారి వంపు తిరిగే చోట, నీలం రంగు గోడ కనపడింది. బడి గోడ. దాని ముందు రోడ్డు దాటడానికి పిల్లలు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నిలబడి ఉన్నారు.

పిడి వదిలేసి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను.

ముల్లు దిగడం మొదలుపెట్టింది.

"గాలి!" అన్నారు మామగారు.

కదల్లేదు.

"గాలమ్మా! నిద్రపోయావా? గాలి!"

ఇంజను దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆయన మీటరు చూశారు, నా చేతులు చూశారు. ఈసారి అరవలేదు.

"మళ్ళీనా గాలమ్మా?"

ఇంజను ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో చక్రాల చప్పుడొక్కటే మిగిలింది. ఆయన కుడి చివరది మెత్తగా తొక్కి, పెద్దావిణ్ణి రోడ్డు పక్క గడ్డిలోకి దింపి ఆపారు. పిల్లలకి ఇంకా చాలా దూరంలో ఉన్నాం. వాళ్ళు చేతులూపారు.

వేడి రేకు టిక్కు టిక్కుమంటోంది. ఏదో ఒకటి అనాలి.

"వాషరు పోయినట్టుంది మామయ్యా," అన్నాను.

ఆ పిలుపు వినగానే ఆయన మొహం మారింది. గాగుల్సు పైకి తీసి నన్ను చాలాసేపు చూశారు. అన్నేళ్ళ వెనక నుంచి నడిచి రావడానికి టైము పడుతుంది కదా.

"అమ్మాయ్. నువ్వా."

"నేనే మామయ్యా."

తల ఊపారు. తరవాత వంగి, నా సీటు కింద పనిముట్ల సంచీలో చెయ్యి పెట్టి, అడుగు నుంచి చిన్న పిప్పరమెంటు డబ్బా తీశారు. అది అక్కడున్నట్టు నాకు తెలియదు. తెరిచి నా చేతికిచ్చారు. దూదిలో ఒక పాత తోలు వాషరు.

"ఎలా ఉందో చెప్పు."

వేళ్ళతో వంచి చూశాను. చెవి తమ్మెలా మెత్తగా ఉంది. ఎక్కడా వెంట్రుకంత చిరుగు కూడా లేదు.

"బాగుంది మామయ్యా."

"ఆ రేసులో పంపులో ఉన్నదిదే. ఆ సాయంత్రం విప్పి చూశాను. అప్పటినుంచీ ఎప్పుడు చిరుగుతుందా అని చూస్తున్నాను. ఇంకా చిరగలేదు."

దాన్ని తిరగేసి ఇంకోసారి వంచి చూశాను.

"వాషరు పోయినట్టుంది అంది మీ అత్త. అచ్చం నువ్వన్నట్టే. సరే అన్నాను. అడిగితే ఆవిడ నిజం చెప్పేది, రెండోసారి అబద్ధం చెప్పడం రాదు. చెబితే నేను మళ్ళీ స్టీరింగు పట్టుకోలేకపోయేవాణ్ణి." గోడకేసి చూస్తూ చెబుతున్నారు. "వెనక చక్రం గని అంచు మీదికి పోయిందమ్మాయ్. నేను చూళ్ళేదు. నేను కప్పు చూస్తున్నాను. ఆవిడ చూసింది. ఆ చలికాలం మీ ఆయన పుట్టాడు. అప్పటికి గానీ నాకు లెక్క అందలేదు. ఆ రోజు బండిలో ముగ్గురం ఉన్నాం. నేను ఒక్కణ్ణే అనుకుని నడిపాను."

"మరి అందరికీ ఆ కథ..."

"ఆవిడ ఎదురుగానే చెప్పేవాణ్ణి. నేను నమ్ముతున్నానని ఆవిడకి తెలియాలని."

ఖాళీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయే అత్తగారు నాకు కనపడ్డారు. అక్కడ కుళాయి తిప్పి చాలాసేపు వదిలేసేవారు. కప్పులు కడుగుతున్నారనుకునేదాన్ని.

మామగారు నా వైపు తిరిగారు. "ఆవిణ్ణి అడగలేకపోయాను. నిన్నడుగుతున్నాను. ఎందుకాపావు?"

వాషరు అనడానికి నోరు తెరిచాను. డబ్బా ఒళ్ళో ఉంది. అనలేకపోయాను.

"దారి తప్పాం మామయ్యా. చీలిక దగ్గర ఎడమకి తిరగాలి. నేరుగా వచ్చేశాం. ముందు పిల్లలున్నారు."

ఆయన ఆ నీలం గోడని, పిల్లల్ని, బస్టాపుని ఒక్కొక్కటే చూశారు.

"గని ఏది?"

"పూడ్చేశారు. దాని మీదే ఈ బడి."

"ఎప్పుడు?"

"నా పెళ్ళికి ముందే మామయ్యా." ఏటా ఆ చీలిక దగ్గర తిరుగుతూ దాన్ని ఆయన చూస్తూనే ఉన్నారు. ఆ మాట అనలేదు.

ఆయన చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. నేను వాటిని చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి అవి వాటంతట అవే కిందికి దిగాయి.

"కాస్త ఆలస్యంగా ఆపావు," అన్నారు. "రెండు స్తంభాలు ఎక్కువొచ్చాం."

"చెయ్యి రాలేదు మామయ్యా."

"తెలుసు. ఆవిడకీ రాలేదు. అందుకే అంచు దాకా వెళ్ళాం."

గాగుల్సు తల మీంచి తీసి, పట్టీ నలగకుండా చుట్టి, నా చేతిలో పెట్టారు.

వెనక ఇంటి కారు ఆగింది. మా ఆయన పరుగెత్తుకొచ్చారు, మొహంలో రంగు లేదు.

"ఏమైంది?"

"వాషరు," అన్నారు మామగారు, నాకంటే ముందు.

మా ఆయన వెనక్కి తిరిగి చీలిక వైపు చూశారు. బడి వైపు చూశారు. ఆఖర్న నా వైపు. "వాషరేనా?"

"వాషరే," అన్నాను, డబ్బా మూస్తూ.

ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచారు. తుడవడానికి వాటి మీద ఏమీ లేదు. "తోలు కదా. పాతబడితే పోతుంది," అని, తాడు తేవడానికి వెళ్ళారు.

తాడు కట్టడం అయ్యేలోగా మామగారు తనంతట తానే దిగారు. బండి ముందు నుంచి చుట్టూ తిరిగి, దారిలో రేడియేటరు మీద ఒకసారి చెయ్యి ఆనించి, నా వైపు వచ్చి నిలబడ్డారు.

"అటు జరుగమ్మాయ్."

"నేనా? నాకు నడపడం రాదు మామయ్యా."

"లాక్కెళ్ళేది వాడు. నువ్వు తిప్పాలి, ఆపాలి. ఆపడం వచ్చుగా నీకు."

కుడి సీట్లోకి జరిగాను. పెడళ్ళు అందడానికి కాళ్ళు చాచాల్సి వచ్చింది.

"బ్రేకు ఏది?"

"కుడి చివరది."

"మధ్యది ముట్టుకోవద్దు. ఇంటి కారు మర్చిపో."

"మర్చిపోయాను."

"అంత తేలిక కాదు," అన్నారు, ఎడమ సీట్లో సర్దుకుంటూ. "నాకు చాలా నెలలు పట్టింది."

నవ్వాలో వద్దో తెలియలేదు. ఆయన నవ్వారు, నేనూ నవ్వాను.

తాడు బిగిసింది. పెద్దావిడ చప్పుడు లేకుండా కదిలింది. ఇంత పెద్ద శబ్దపు మనిషి ఇంత నిశ్శబ్దంగా వెళ్ళడం నేనెప్పుడూ చూడలేదు.

"చెయ్యి జాగ్రత్త మామయ్యా, గొట్టం ఇంకా కాలుతోంది."

ఆయన ఉలిక్కిపడి మోచెయ్యి లోపలికి లాక్కున్నారు. గొట్టం వైపు చూశారు, నా చేతి మీద మచ్చ వైపు చూశారు. ఇన్నేళ్ళలో ఆ సీట్లో ఆయన ఒక్కసారి కూడా కూర్చోలేదని అప్పుడు నాకు తట్టింది.

"ఇంత దగ్గరగా ఉంటుందా ఇది?" అన్నారు.

చీలిక దాటాం. జెండా మనిషి టోపీ తీశాడు. నేను తాడు మీదే కళ్ళు పెట్టుకుని, కుడి పాదాన్ని కుడి చివరనే ఉంచుకుని కూర్చున్నాను. పక్కన ఇత్తడి పిడి కిర్రుమంది. మామగారు పంపు కొడుతున్నారు. ఆగి ఉన్న ఇంజనుకి గాలి అక్కర్లేదు. అయినా ముందుకీ వెనక్కీ, ముందుకీ వెనక్కీ, అత్తగారి లయలోనే. ముల్లు లేచి ఎర్ర గీత దాటింది. ముందు కారు అద్దంలో మా ఆయన ఇదంతా చూస్తూనే ఉండి ఉంటారు. చిరిగిన వాషరుతో పంపు ఎందుకు కొట్టారని ఆయన ఎప్పుడూ నన్ను అడగలేదు.

"సరిపోయిందా?" అన్నారు మామగారు.

"ఇంకొంచెం కొట్టండి మామయ్యా," అన్నాను, దారి మీంచి కళ్ళు తీయకుండా.

కొట్టారు.